హెచ్‌బీఏ1సీ తగ్గింది, షుగర్ తగ్గలేదు: మెనోపాజ్ దశలో ఒక ప్రీడయాబెటిస్ కేసు

మెనోపాజ్ దగ్గరపడే వయసులో షుగర్ అంచుకు (ప్రీడయాబెటిస్) చేరిన మహిళలు ఏ క్లినిక్‌కైనా వస్తూనే ఉంటారు. వాళ్లకు దొరికే సలహా దాదాపు ఒకటే: తక్కువ తినండి, నడవండి, బరువు తగ్గండి. ఆ సలహాలో తప్పేమీ లేదు. ఈ పేషెంట్ దాన్ని చాలా శ్రద్ధగా పాటించారు కూడా. అయినా నెలల తరబడి రక్తంలో చక్కెర కదల్లేదు. ఎందుకు కదల్లేదో వెతుక్కుంటూ వెళ్తే, చికిత్సలో ఏది ముందు, ఏది తర్వాత అన్నదే అసలు ప్రశ్నగా తేలింది. ఆమెను గుర్తుపట్టగల వివరాలన్నీ తీసేశాను, వైద్యానికి అవసరమైనవే ఉంచాను.

నేపథ్యం

వయసు 48. రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. పొగతాగే అలవాటు లేదు. తల్లికి, అన్నకు షుగర్ ఉంది. ఏడాదిన్నరగా నెలసరి గతి తప్పింది. ఒక్కోసారి రెండు నెలలు దాటినా రాదు, వచ్చిందంటే పది రోజుల దాకా విపరీతంగా రక్తం పోతుంది. రాత్రిళ్లు చెమటలతో మూడు నాలుగు సార్లు మెలకువ వస్తుంది. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అంటాం కాబట్టి, ఈమె ఇంకా దానికి ముందు దశలో, పెరిమెనోపాజ్ చివరి భాగంలో ఉన్నారు. ఎఫ్‌ఎస్‌హెచ్ (అండాశయాలను పనిచేయించే హార్మోన్) రిపోర్టు కూడా వెంట తెచ్చారు. 45 దాటినవాళ్లలో ఇన్ని లక్షణాలు కనిపిస్తున్నప్పుడు ఆ పరీక్ష అవసరమే లేదు. ఈ దశలో ఆ హార్మోన్ నెలనెలకూ పైకీ కిందకీ ఊగుతుంది, ఒక్క రిపోర్టుతో తేలేది ఏమీ ఉండదు.

అయితే ఆమె వచ్చింది నెలసరి గురించి కాదు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో హెచ్‌బీఏ1సీ (ఎర్రకణాలకు అంటుకున్న చక్కెరను బట్టి గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను శాతంలో చెప్పే పరీక్ష) 6.3 వచ్చింది. "డాక్టర్ గారూ, 6.5 వస్తే షుగరేనట కదా. ఇంకా రెండు పాయింట్లే మిగిలాయి" అన్నారు. గొంతులో టెన్షన్ స్పష్టంగా తెలుస్తోంది. అప్పటికే రాత్రి భోజనం పూర్తిగా మానేసి రెండు నెలల్లో 5 కిలోలు తగ్గారు, ఆ తర్వాత 6 కిలోలు పెరిగారు. పెరిగింది ఎక్కువగా నడుము దగ్గరేనని ఆమే గమనించారు. ఆ గమనిక చాలా విలువైనది. కడుపు మాడ్చుకుని తగ్గిన బరువులో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే వస్తుంది. ఈస్ట్రోజెన్ (స్త్రీ హార్మోన్) తగ్గే వయసులో ఆ కొవ్వు తొడల దగ్గర కాకుండా పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుంది. ఇన్సులిన్ మాట శరీరం వినకుండా చేసేది (ఇన్సులిన్ రెసిస్టెన్స్) అక్కడ చేరే కొవ్వే.

కాన్పుల గురించి అడిగితే మరో సంగతి బయటపడింది. రెండో కాన్పులో గర్భిణి షుగర్ వచ్చి, ప్రసవం తర్వాత తగ్గిపోయింది. "తగ్గిపోయింది కదా అని ఎవరికీ చెప్పలేదండీ." అడిగినవాళ్లూ లేరు. గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకు ఆ తర్వాత టైప్ 2 వచ్చే అవకాశం, రానివాళ్లతో పోలిస్తే ఏడు నుంచి పది రెట్లు ఉంటుంది. అందుకే వాళ్లకు జీవితాంతం ఏడాది నుంచి మూడేళ్లకోసారి పరీక్ష చేయాలంటారు. ఈమెకు ఇన్నేళ్లలో ఒక్కసారీ చేయలేదు.

బరువు 71 కిలోలు, ఎత్తు 157 సెం.మీ., నడుము 94 సెం.మీ. నడుము కొలత ఎత్తులో సగం దాటకూడదన్నది గుర్తుంచుకోవడానికి తేలికైన లెక్క. ఈమెకు సగం కంటే 15 సెం.మీ. పైనే ఎక్కువుంది. బీపీ 134/84. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 190. థైరాయిడ్ మామూలుగానే ఉంది.

ఆ 6.3ను నమ్మవచ్చా?

కనురెప్ప కింద చూస్తే పాలిపోయి ఉంది. హిమోగ్లోబిన్ 9.6, ఫెరిటిన్ 7. అంటే శరీరంలో ఐరన్ నిల్వలు దాదాపు ఖాళీ అయ్యాయి. నెలనెలా అంత రక్తం పోతుంటే ఆశ్చర్యపోవాల్సింది లేదు.

ఐరన్ లోపం ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా చూపించవచ్చు. ఐరన్ ఇవ్వడం మొదలుపెట్టగానే కొత్త ఎర్రకణాలు ఒక్కసారిగా పుట్టుకొస్తాయి. వాటికి చక్కెర అంటుకునేంత వయసు ఉండదు కాబట్టి అంకె ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అధికంగా రక్తం పోయినప్పుడూ అంతే. ఒకే మనిషిలో, ఒకే ఏడాదిలో ఈ పరీక్ష రెండు వైపులకూ తప్పు చెప్పగలదన్నమాట. పెరిమెనోపాజ్‌లో రక్తస్రావం ఎక్కువగా ఉన్న ఏ మహిళకైనా ఇది వర్తిస్తుంది.

అందుకని రక్తంలో చక్కెరనే నేరుగా కొలిచాం. ఫాస్టింగ్ 108, 75 గ్రాముల గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 172. ఫాస్టింగ్ 100 నుంచి 125 మధ్య, రెండు గంటల విలువ 140 నుంచి 199 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్. కాబట్టి ఆమె భయం నిజమే, కానీ "ఇంకా రెండు పాయింట్లు" అన్న లెక్కకు అర్థం లేదు. ఐరన్ సర్దుకునే దాకా కొలబద్దగా హెచ్‌బీఏ1సీని వాడకూడదని, ఈ గ్లూకోజ్ పరీక్షనే వాడాలని నిర్ణయించాం. ఆమెకు ఇది అంతగా నచ్చలేదు. ఒక్క అంకెతో తేలిపోయే పరీక్షను వదిలి, రెండు గంటలు కూర్చోబెట్టే పరీక్ష ఎందుకన్నది ఆమె ప్రశ్న. కారణం చెప్పాక సరేనన్నారు.

మొదట చేసినవి

రక్తస్రావానికి గైనకాలజిస్ట్ దగ్గరికి పంపాను. 45 దాటాక ఇలా రక్తం పోతుంటే "ఆ వయసులో అంతే" అనుకుని వదిలేయకూడదు. పొట్ట దగ్గర కొవ్వు, ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఉన్నవాళ్లలో గర్భాశయం లోపలి పొర మందమై, చెడు మార్పులు వచ్చే అవకాశం మరీ ఎక్కువ. స్కానింగ్‌లో చిన్న ఫైబ్రాయిడ్ (గర్భాశయంలో క్యాన్సర్ కాని గడ్డ) కనిపించింది. బయాప్సీలో అనుమానించాల్సినదేమీ లేదు. నెలసరి రోజుల్లో రక్తస్రావం తగ్గడానికి ట్రానెక్జామిక్ ఆసిడ్, రోజు విడిచి రోజు ఐరన్ మాత్ర మొదలయ్యాయి. హార్మోన్ ఉన్న ఐయూడీ (లూప్) కూడా సూచించారు గానీ ఆమె అప్పటికి వద్దన్నారు.

షుగర్ మందు మెట్‌ఫార్మిన్ ఇవ్వాలా వద్దా అన్నది నేను కాస్త ఆలోచించిన విషయం. 2002లో వెలువడిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ అనే అమెరికా అధ్యయనం ఫలితాల్లో, బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్‌తో 31 శాతం. ఈ రెండు అంకెలూ చూసి మందును పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. కానీ అదే అధ్యయనంలో గర్భిణి షుగర్ చరిత్ర ఉన్న మహిళలను విడిగా చూస్తే, మెట్‌ఫార్మిన్ కూడా జీవనశైలి మార్పుతో సమానంగా, దాదాపు సగం మేర ముప్పు తగ్గించింది. ఈమె సరిగ్గా ఆ వర్గానికి చెందుతారు. అందుకే మొదలుపెట్టాను. మామూలు మాత్రతో విరేచనాలు పట్టుకున్నాయి, నెమ్మదిగా కరిగే రకానికి మార్చాక కుదురుకుంది.

దానికి తోడు రోజూ సాయంత్రం 45 నిమిషాల నడక, తిండిలో పిండిపదార్థాలు తగ్గించడం. భోజనం మానేయవద్దని గట్టిగానే చెప్పాను.

ఎక్కడ ఆగిపోయింది

మొదటి కొన్ని వారాలు నడకే కుదరలేదు. హిమోగ్లోబిన్ అంత తక్కువగా ఉన్న మనిషికి కొద్ది దూరానికే ఆయాసం వస్తుంది. చాలామంది దీన్ని బద్ధకం అనుకుంటారు, ఆమె కూడా తనను తాను అలాగే తిట్టుకున్నారు. హిమోగ్లోబిన్ 12 దాటాక నడక సాగింది.

మూడు నెలలకు ఆమె పట్టుబట్టి హెచ్‌బీఏ1సీ చేయించుకుని వచ్చారు. 5.9! ముఖం వెలిగిపోయింది. అదే రోజు ఫాస్టింగ్ 109. బరువు 70, నడుము అదే 94. అంటే తగ్గింది షుగర్ కాదు, ఐరన్ సర్దుకుని ఎర్రకణాల లెక్క మారింది. ఈ కేసులో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది ఈ ఘట్టమే. అసలు పరీక్ష పక్కన లేకపోతే పేషెంట్ సంతోషంగా ఇంటికి వెళ్లేవారు, చికిత్స పనిచేస్తోందనే రాసుకునేవాళ్లం. మందు, నడక రెండూ ఉన్నా చక్కెర కదలకపోవడానికి కారణం వెతకాల్సిన అవసరమే ఎవరికీ తోచేది కాదు.

ఈలోగా ఆమె గ్లూకోమీటర్ కొని రోజుకు ఏడెనిమిది సార్లు వేలు పొడుచుకోవడం మొదలుపెట్టారు. ఒక అంకె పెరిగితే ఆ పూట తిండి మానేయడం, రాత్రి రెండింటికి ఆకలికి తట్టుకోలేక ఏదో ఒకటి తినేయడం, ఆ తర్వాత బాధపడటం. మందు వేసుకోని ప్రీడయాబెటిస్ పేషెంట్లకైనా, మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడేవాళ్లకైనా ఇంత పరీక్షతో పనిలేదు. మీటర్ పక్కన పెట్టేయమని చెప్పబోయి, ముందు ఆమె పుస్తకం తిరగేశాను. అందులో ఉదయపు అంకెల పక్కన అక్కడక్కడ "నిద్ర లేదు" అని రాసుకున్నారు.

రాత్రుల లెక్క

ఆ రెండు ముక్కలే దారి మార్చాయి. రోజుకు ఒక్క ఫాస్టింగ్ చాలు, పక్కన రాత్రి ఎన్నిసార్లు లేచారో, చెమటలు ఎలా ఉన్నాయో మాత్రం రాయమన్నాను. కొన్ని వారాల తర్వాత చూస్తే, చెమటలతో తెల్లవార్లూ మేలుకున్న మర్నాడు ఎక్కువగా 110 పైన, కాస్త నిద్ర పట్టిన రోజుల్లో 100 చుట్టుపక్కల ఉన్నాయి. ఇంట్లో వాడే మీటర్‌కు కొంత తేడా సహజం, ఒక్క మనిషి పుస్తకం రుజువూ కాదు. అయినా నిద్ర తగ్గితే ఇన్సులిన్ పనితనం తగ్గుతుందన్నది ప్రయోగాల్లో బాగా తేలిన విషయమే. మర్నాడు ఆకలి పెరుగుతుంది, ఒళ్లు కదలదు, తీపి మీదకు మనసు పోతుంది. ఈమె నడకలు ఎగ్గొట్టిన రోజులు, అర్ధరాత్రి తిన్న రోజులు అన్నీ ఆ చెడ్డ రాత్రుల వెనకే వరసగా ఉన్నాయి.

భర్త గురక సంగతి చెప్పడంతో ఇంట్లోనే చేసే నిద్ర పరీక్ష కూడా చేయించాం. మెనోపాజ్ తర్వాత స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) పెరుగుతుంది, మహిళల్లో దాన్ని తరచూ అనుమానించరు కూడా. ఈమెకు లేదని తేలింది.

కాబట్టి ఇంకో డైట్ చార్ట్ రాయడం, మెట్‌ఫార్మిన్ మోతాదు పెంచడం కాకుండా ముందు రాత్రి చెమటలకు చికిత్స చేయాలన్నది నా అభిప్రాయం.

హార్మోన్ చికిత్స: దేనికి, దేనికి కాదు

ఇక్కడ ఒక గీత గీసుకోవాలి. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అమెరికా అధ్యయనంలో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిన్ (గర్భాశయం పొరను కాపాడే మరో హార్మోన్) కలిపి వాడిన మహిళల్లో కొత్తగా షుగర్ రావడం 21 శాతం తక్కువగా ఉంది. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లలో తేడా 12 శాతం. ఇది చూసి షుగర్ నివారణకే హార్మోన్లు ఇవ్వవచ్చా అంటే, కూడదు. దీర్ఘకాలిక జబ్బుల నివారణ కోసమని ఈ చికిత్స మొదలుపెట్టవద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2022లో మళ్లీ స్పష్టం చేసింది. ఇబ్బంది పెట్టే వేడి ఆవిర్లు, రాత్రి చెమటలకు మాత్రం ఇది అన్నిటికంటే బాగా పనిచేసే చికిత్స. ఈమెకు ఇవ్వాలనుకున్నది ఆ లక్షణాలకే. షుగర్‌కు మేలు జరిగితే అది అదనపు లాభం. ఈ మాట ఆమెకూ ఇలాగే చెప్పాను.

"హార్మోన్లు వాడితే రొమ్ము క్యాన్సర్ వస్తుందట కదండీ?" అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. అదే అధ్యయనంలో కలిపి వాడినవాళ్లలో ఏడాదికి 10,000 మందికి దాదాపు 8 రొమ్ము క్యాన్సర్లు అదనంగా కనిపించాయి. ఆ మహిళల సగటు వయసు 63. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడినవాళ్లలో పెరగలేదు, కానీ గర్భాశయం ఉన్నవాళ్లకు దాన్ని ఒంటరిగా ఇవ్వకూడదు. లోపలి పొరకు రక్షణగా ప్రొజెస్టోజెన్ (ప్రొజెస్టిన్ లాంటి హార్మోన్) తప్పనిసరి. ఈమెకు రొమ్ము క్యాన్సర్ చరిత్ర గానీ, రక్తం గడ్డకట్టిన చరిత్ర గానీ, గుండె, కాలేయ జబ్బులు గానీ లేవు. మామోగ్రామ్ బాగుంది. వయసు 60 లోపే. ప్రమాదం సున్నా అని చెప్పలేదు, ఈమె విషయంలో లాభం వైపు మొగ్గు ఉందని చెప్పాను. "ఇంట్లో మాట్లాడుకుని చెప్తాను" అని వెళ్లారు. తొందరపెట్టలేదు.

గైనకాలజిస్ట్ ఇచ్చిన ఆలోచనే చివరికి అన్నిటినీ కలిపింది. మొదట వద్దన్న హార్మోన్ ఐయూడీనే పెట్టించుకుంటే రక్తస్రావం తగ్గుతుంది, గర్భాశయం పొరకు కావలసిన ప్రొజెస్టోజెన్ అందుతుంది, ఈ దశలో ఇంకా అవసరమైన గర్భనిరోధం కూడా అయిపోతుంది. ఐరన్ మళ్లీ మళ్లీ ఖాళీ అవడమూ ఆగుతుంది. ఈస్ట్రోజెన్‌ను మాత్రగా కాక చర్మం మీద అతికించే ప్యాచ్‌గా, తక్కువ మోతాదుతో మొదలుపెట్టాం. నోటి మాత్ర ట్రైగ్లిజరైడ్లను పెంచుతుంది, రక్తం గడ్డకట్టే ముప్పునూ పెంచుతుంది. ప్యాచ్‌తో ఆ రెండు ఇబ్బందులూ పెద్దగా ఉండవు. అధిక బరువు, 190 ట్రైగ్లిజరైడ్లు ఉన్న మనిషికి ఈ ఎంపిక కష్టమైనదేమీ కాదు. హార్మోన్లు సరిపడనివాళ్లకు వేరే మందులు ఉన్నాయి, నిద్రలేమికి కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలు, అలవాట్లు మార్చే చికిత్స) ఉంది. ఈమె కూడా పడుకునే వేళలు, మంచం మీద దొర్లుతూ గడిపే సమయం విషయంలో ఆ పద్ధతులు కొన్ని నేర్చుకున్నారు.

రెండు నెలల్లోపే చెమటలు వారానికి ఒకటి రెండు రాత్రులకు తగ్గాయి. గమనించాల్సింది ఏమిటంటే, అప్పటికీ బరువు పెద్దగా తగ్గలేదు. మారింది ఓపిక.

కండ మీద పెట్టిన శ్రద్ధ

తిన్న చక్కెరలో ఎక్కువ భాగాన్ని లాగేసుకునేది కండరాలే. వయసుతో పాటు, ఈస్ట్రోజెన్ తగ్గడంతో పాటు అవి కరుగుతాయి. ఈమె రెండు నెలల ఉపవాసం అందులో మరికొంత తీసేసి ఉంటుంది. నడక గుండెకు మంచిదే, కండను మాత్రం పెద్దగా పెంచదు.

అందుకని వారానికి రెండు మూడు రోజులు బలం పెంచే వ్యాయామం: కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడకు పుష్అప్‌లు, ఎలాస్టిక్ బ్యాండ్‌తో లాగడం, తర్వాత తర్వాత బరువులు. మోకాలు నొప్పి ఉందన్నారు. ఫిజియోథెరపిస్ట్ మొదటి వారాల్లో పక్కనుండి చేయించడంతో ఆ భయం పోయింది. సాయంత్రం 45 నిమిషాల నడకను ముక్కలు చేసి, ప్రతి భోజనం తర్వాత 10 నుంచి 15 నిమిషాలుగా మార్చాం. తిన్న వెంటనే నడిస్తే రెండు గంటల షుగర్ మీద ఎక్కువ ప్రభావం ఉంటుంది. ఈమెకు పెరిగి ఉన్నదీ ముఖ్యంగా అదే. పైగా ఆఫీసు పనితో సాయంత్రం నడక తప్పిపోతే రోజంతా పోయినట్టు ఉండేది, ఇప్పుడు ఒక పూట తప్పినా రెండు మిగులుతాయి.

తిండిలో తీసేయమన్న వాటికంటే చేర్చమన్నవే ఎక్కువ. లెక్కేస్తే రోజుకు 40 గ్రాముల మాంసకృత్తులు కూడా తినడం లేదు. కిడ్నీలు బాగున్నాయి కాబట్టి 70 నుంచి 80 గ్రాములకు, మూడు పూటలా సర్ది పెంచాం. కూరగాయలు, మాంసకృత్తులు ముందు, పిండిపదార్థాలు చివర. రాత్రి భోజనం మానడం మానేశాక అర్ధరాత్రి ఆకలి దానంతటదే పోయింది.

ఏడాది గడిచాక

బరువు 67, నడుము 87. ఫాస్టింగ్ 97, రెండు గంటల విలువ 131. ఫెరిటిన్ 48 ఉండగా చేసిన హెచ్‌బీఏ1సీ 5.6. ఈసారి ఆ అంకెను నమ్మవచ్చు. ట్రైగ్లిజరైడ్లు 142, బీపీ 126/80. తగ్గిన బరువు 6 శాతం లోపే. తూకం మీదే దృష్టి పెట్టి ఉంటే ఇంత కష్టానికి నాలుగు కిలోలేనా అని నిరుత్సాహపడేవారు. నడుము 7 సెం.మీ. తగ్గడం మాత్రం దుస్తుల్లోనే తెలిసింది.

ఇందులో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కుదరదు. ప్యాచ్, ఐయూడీ, కండ వ్యాయామం, మెట్‌ఫార్మిన్ అన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. నేను గట్టిగా చెప్పగలిగేది క్రమం గురించే. రక్తహీనత ఉండగా నడవమన్నా, నిద్ర లేకుండా తిండి అదుపు చేసుకోమన్నా అది పేషెంట్ సంకల్పానికి పరీక్ష పెట్టడమే తప్ప చికిత్స కాదు. ఈ కేసు తర్వాత 45 దాటిన మహిళ ప్రీడయాబెటిస్‌తో వస్తే మొదటి మాటల్లోనే మూడు అడుగుతున్నాను: గర్భంలో షుగర్ వచ్చిందా, నెలసరిలో రక్తం ఎంత పోతోంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు. హెచ్‌బీఏ1సీ రాసే చీటీ మీదే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ కూడా రాస్తున్నాను.

మెట్‌ఫార్మిన్ ఆపేస్తానని ఆమె అన్నారు. గర్భిణి షుగర్ చరిత్ర, కుటుంబ చరిత్ర చూసి కొనసాగించాలన్నదే నా మొగ్గు. అయితే అంకెలు మామూలు పరిధిలో ఉన్నాయి, వ్యాయామం నిలకడగా సాగుతోంది, వద్దన్న మందును అయిష్టంగా మింగించి లాభం లేదు. ఆపి నాలుగు నెలలకు మళ్లీ గ్లూకోజ్ పరీక్ష చేశాం: ఫాస్టింగ్ 101, రెండు గంటలకు 138. ఫాస్టింగ్ ఒక్క గీత దాటింది. ఆరు నెలల తర్వాత మళ్లీ చేద్దామని, ఫాస్టింగ్ 110 చేరినా, రెండు గంటల విలువ 140 దాటినా మందు తిరిగి మొదలుపెడదామని ముందే ఒప్పుకున్నాం. ప్యాచ్ అవసరాన్ని ఏడాదికోసారి గైనకాలజిస్ట్‌తో కలిసి చూస్తాం. దాన్ని ఆపే సమయం వచ్చినప్పుడు ఆ తర్వాతి నెలల్లో చక్కెరను మరోసారి కొలవాలని ఆమె ఫైల్ మీద రాసి పెట్టాను.